ఎదుటివాళ్ల రాజకీయం ఎంతవరకు వినాలి, ఏ మాట దగ్గర ఆపాలి

2020 సంక్రాంతికి మా ఇంట్లో పండగ జరగలేదు, రాజధాని గొడవ జరిగింది. మా పెదనాన్న తుళ్లూరు మండలంలో తన రెండెకరాలు అమరావతి రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కి ఇచ్చిన రైతు. మా మేనత్త కొడుకు, నాకు బావ, వాళ్లది శ్రీకాకుళం జిల్లా, ఉద్యోగం వైజాగ్‌లో. అమరావతి ఒక్కటే కాదు, వైజాగ్, కర్నూలు కూడా రాజధానులు కావాలన్న మూడు రాజధానుల బిల్లు అప్పుడే అసెంబ్లీకి వస్తోంది. భోజనాల దగ్గర మొదలైన మాట చేతులు కడుక్కునేలోపు అరుపులైంది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. బావ ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయాడు. తర్వాత రెండేళ్లు మేం మాట్లాడుకోలేదు.

అదే పండక్కి, అదే అరుగు మీద, మా బాబాయ్ ఇంకో మాట అన్నాడు. 2018లో మిర్యాలగూడలో, కూతురు దళితుణ్ని పెళ్లి చేసుకుందని అల్లుణ్ని పట్టపగలు మనుషుల్ని పెట్టి చంపించిన కేసు గురించి. "కన్నవాడి బాధ కన్నవాడికి తెలుస్తుంది, ఆయన చేసిందాంట్లో తప్పేముంది" అన్నాడు. ఆ మాటకు ఎవరూ అరవలేదు. నేనూ అరవలేదు. పెద్దాయన, ఆయన అభిప్రాయం ఆయనది అనుకుని ఊరుకున్నాను.

వినాల్సిన చోట అరిచాను, ఆపాల్సిన చోట ఊరుకున్నాను. ఈ రెండు తప్పులూ దిద్దుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల్లో కూడా ఇలాంటి టెన్షన్ ఉంటే, నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. వరసగా చెబుతాను.

ముందు మీ మాటను మీరే పట్టి చూసుకోండి

ఎదుటివాళ్లతో కూర్చోకముందు ఒక కాగితం తీసుకోండి. మీరు గట్టిగా నమ్మే రాజకీయ విషయం ఒకటి రాయండి. దాని కింద రెండు ప్రశ్నలు రాసుకోండి. ఇది నాకు ఎలా తెలిసింది? ఏం తెలిస్తే నా మనసు మార్చుకుంటాను?

రెండో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. విజయవాడ, గుంటూరు మధ్యే రాజధాని ఉండాలని నిపుణులే చెప్పారని నేను అందరితో వాదించేవాడిని. విభజన చట్టం ప్రకారం కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో ఇచ్చిన నివేదిక గురించి విన్నానే తప్ప చదవలేదు. చదివాక చూస్తే నేను చెప్పుకుంటున్నదానికి ఎదురుగా ఉంది. ఆ ప్రాంతంలో మంచి పంట భూములు పోతాయని, అన్నీ ఒక్కచోటే పెట్టకుండా ఆఫీసులను రాష్ట్రమంతా సర్దమని ఆ కమిటీ చెప్పింది. ఆ ఒక్క విషయంతో నా అభిప్రాయం మొత్తం మారిపోలేదు. కానీ బావ మీద అరిచిన అరుపుల్లో సగం అబద్ధం మీద నిలబడి అరిచానని తెలిసింది. ఆ సిగ్గు మంచిదే. అది లేకుండా ఎవరి మాటా వినలేం.

ఏం తెలిసినా మీ అభిప్రాయం మారదు అనుకుంటే, ఆ విషయం మీద ఎదుటివాళ్లను మనసు మార్చుకోమని అడిగే హక్కు మీకు లేదు. అయితే మారకూడని సంగతులు కూడా కొన్ని ఉంటాయి. అవి ఏవో కింద చెబుతాను. ముందు మాత్రం, మారగలిగినవాటి లెక్క తీయండి.

ఎదుటి మాటను చేటలో వేసి చెరగండి

మా నాయనమ్మ బియ్యం చెరుగుతుంటే చూసేవాణ్ని. గింజలు చేటలో నిలుస్తాయి. పొట్టు గాలికి పోతుంది. రాళ్లు మాత్రం చెరిగితే పోవు, వేళ్లతో ఏరాలి. ఎదుటి పార్టీ మనిషి చెప్పే మాటలన్నీ ఒకే గంపలో పోసి "వీళ్లింతే" అనుకోవడం వల్లే మన గొడవల్లో ఎక్కువ భాగం వస్తుంది. ఏ మాటకు ఆ మాట విడదీయండి.

గింజ అంటే నిజమైన తగువు. ఉన్నదాన్ని ఎలా పంచాలి, ఏది ముందు చేయాలి, ఎవరికి ఎంత అన్న తగువు. ఇందులో రెండు వైపులా న్యాయం ఉండొచ్చు. పొట్టు అంటే తప్పుడు సమాచారం. రాయి అంటే ఎదుటి మనిషిని మనిషిగా లెక్కలోంచి తీసేసే మాట. ఈ మూడింటికీ మీరు చేయాల్సిన పని ఒకటి కాదు.

గింజ దొరికితే తలుపు పూర్తిగా తెరవండి

రాజధాని గొడవ గింజ. మా పెదనాన్న వైపు చూడండి. 33 వేల ఎకరాలకు పైగా రైతులు ప్రభుత్వాన్ని నమ్మి ఇచ్చారు. మెట్ట భూమికి ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబు భూమికి, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి, 50 వేలు కౌలు, తర్వాత అభివృద్ధి చేసిన ప్లాట్లు అన్నది ఒప్పందం. మధ్యలో ప్రభుత్వం మారిందని ఒప్పందం మారితే, రేపు ఏ రైతు ఏ ప్రభుత్వాన్ని నమ్మి భూమి ఇస్తాడు?

ఇప్పుడు బావ వైపు చూడండి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు, రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు రావాలని. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే 1956లో హైదరాబాద్‌కి పోయింది. అందరూ హైదరాబాద్‌లోనే అన్నీ పెట్టారు, 2014లో అది చేజారింది. మళ్లీ ఒక్కచోటే పెడతామంటే భయం ఉండదా? తన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇల్లిల్లూ ఏడుస్తుంటే, పలాస నుంచి కూలీలు రైళ్లు పట్టుకుని వలస పోతుంటే, గుంటూరు పక్కన కట్టే అద్దాల భవనాలు మాకెందుకని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

ఇలాంటి తగువు వచ్చినప్పుడు చేయాల్సిన పని ఒకటే. ఎదుటివాళ్ల వాదన మీ నోటితో మీరు చెప్పి చూపించండి. వాళ్లు "అవును, నేను అనేది అదే" అనేంతవరకు చెప్పండి. అప్పటిదాకా మీ జవాబు మొదలుపెట్టొద్దు. రెండేళ్ల తర్వాత నేను బావకు ఫోన్ చేసి, శ్రీబాగ్ దగ్గర నుంచి ఉద్దానం దాకా ఆయన వాదన ఆయనకే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెదనాన్నకు కౌలు డబ్బులు టైముకి పడుతున్నాయా?" అని అడిగాడు. రాజధాని మీద మా ఇద్దరికీ ఇవాళ్టికీ ఏకాభిప్రాయం లేదు. అది అక్కర్లేదు కూడా.

ఇంకో ఉదాహరణ ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీల రిజర్వేషన్ వాటాను వాళ్లలోని కులాల మధ్య విడదీసి పంచడం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం దీనికోసం ముప్పై ఏళ్లు పోరాడింది. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. ఉన్న వాటాలో అట్టడుగున ఉన్నవాళ్లకు ఏమీ అందలేదన్న మాదిగల బాధ నిజం. విడదీస్తే దళితుల ఐక్యత చెదురుతుందన్న మాలల భయం కూడా నిజం. ఇక్కడ మీరు ఆ రెండు కులాల్లో ఏదీ కాకపోతే, తీర్పు చెప్పే తొందర మానుకుని రెండు వైపులా వినండి. "చూశారా, వాళ్లలో వాళ్లే కొట్టుకుంటున్నారు" అనే మాట మాత్రం నోట రానీయకండి. పంచుకోవడంలో తగువులేని కులం మనదగ్గర ఏదుంది?

పొట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దు

"రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు, అంబేద్కర్ గారే చెప్పారు" అనే మెసేజ్ మీకు ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో ఊహించగలను. పదేళ్ల గడువు రాజ్యాంగం 334వ అధికరణంలో ఉంది. అది లోక్‌సభ, అసెంబ్లీ సీట్ల రిజర్వేషన్లకు సంబంధించినది. పార్లమెంటు దాన్ని పొడిగిస్తూ వచ్చింది, ఇప్పుడు 2030 జనవరి వరకు ఉంది. చదువులకు, ఉద్యోగాలకు సంబంధించిన 15, 16 అధికరణాల్లో అలాంటి గడువేమీ లేదు.

రిజర్వేషన్లు ఎలా ఉండాలన్నది చర్చ. పదేళ్లకే పెట్టారన్నది చర్చ కాదు, తప్పు. విశాల హృదయం పేరుతో తప్పుకు సగం మార్కులు వేయొద్దు. "ఇది ఎక్కడ చదివావు అన్నయ్యా?" అని మర్యాదగా అడగండి. అధికరణం ఫోన్‌లో తీసి చూపించండి. ఒక్కసారే. ఆయన ఒప్పుకోకపోయినా వదిలేయండి. నలుగురిలో ఓడిపోయానని ఎవరూ ఒప్పుకోరు, ఇంటికెళ్లాక ఒంటరిగా వెతుక్కుంటారు. నేను శివరామకృష్ణన్ నివేదిక వెతికింది కూడా అలాగే.

మీ పార్టీవాళ్లు పంపే పొట్టును కూడా ఇంతే గట్టిగా చెరగాలి. ఇది అన్నిటికంటే కష్టం. మనవాళ్లు పంపింది చదవకుండానే ముందుకు పంపేస్తాం.

రాయి కనపడితే

ఇప్పుడు బాబాయ్ మాటకు వస్తాను. నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడే ఉంది.

ఆ రోజు నేను ఊరుకోవడాన్ని మంచితనం అనుకున్నాను. భిన్నాభిప్రాయాన్ని గౌరవించాను అనుకున్నాను. కానీ మా అరుగు మీద అప్పుడు ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. నాతో ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడు, పండక్కి పిలిస్తే వచ్చాడు. దళితుడు. బాబాయ్‌కి ఆ సంగతి తెలియదు. వాడు తల దించుకుని అరిసె తుంచుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఊరికి మళ్లీ రాలేదు.

నా విశాల హృదయానికి నేను పైసా ఖర్చు పెట్టలేదు. ఖర్చంతా వాడి మీద పడింది. దీన్నే మనవాళ్లు అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటారు. నా భూమి గురించి, నా పన్ను గురించి, నా ఊరి రాజధాని గురించి నేను ఎంతైనా మనసు పెద్దది చేసుకోవచ్చు, అది నా సొమ్ము. వాడి ప్రాణం విలువ మీద "రెండు వైపులా ఆలోచించాలి" అనడానికి అది నాది కాదు.

కాబట్టి ఎదుటివాళ్ల మాట విన్నప్పుడు మనసులో ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మాటకు నేను చోటిస్తే దాని ఖర్చు ఎవరు భరిస్తారు? నేనే అయితే వినండి, ఎంత మండినా వినండి. ఈ గదిలో ఉన్న ఇంకొకరో, అసలు ఈ గదిలోకి రానివ్వని ఇంకొకరో అయితే, మీరు దాన్ని ఆపాలి.

"అలా అయితే నచ్చని ప్రతి మాటనూ రాయి అనేయొచ్చు కదా" అని మీకు అనుమానం రావచ్చు. సరైన అనుమానం. అందుకే గీతను చాలా ఇరుకుగా గీయండి. ఎదుటి మాట ఒక మనిషిని చంపడాన్ని, కొట్టడాన్ని, వెలివేయడాన్ని సరైనదే అంటోందా? పుట్టుక వల్ల ఒకరు తక్కువ అంటోందా? ఒకరికి మాట్లాడే హక్కే లేదంటోందా? ఈ మూడే నేను చూస్తాను. అంటరానితనాన్ని 17వ అధికరణం ఏ రూపంలోనూ ఉండకూడదని నిషేధించింది. దేశం రాజ్యాంగం రాసుకునేటప్పుడే ముగించిన చర్చను మన అరుగు మీద మళ్లీ తెరవాల్సిన పని లేదు.

"రిజర్వేషన్లు ఆర్థిక ప్రాతిపదికన ఉండాలి" అన్నది రాయి కాదు. నాకు నచ్చదు, వాదిస్తాను, కానీ వింటాను. "వాళ్లకు తెలివి ఉండదు, అందుకే రిజర్వేషన్" అన్నది రాయి. "అమరావతి ఒక్క వర్గానికే లాభం" అన్నది వాదన, లెక్కలతో తేల్చుకోవచ్చు. అమరావతి రైతుల ఉద్యమంలో కూర్చున్న ఆడవాళ్ల శీలం గురించి మాట్లాడటం రాయి. అలాగే మావైపు వాళ్లు "సీమవాళ్లంతా బాంబుల బ్యాచ్" అంటే అదీ రాయే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అటూ ఇటూ యాస మీద, తిండి మీద, పుట్టుక మీద పడిన మాటలు చాలామందికి ఇంకా గుచ్చుకుంటూనే ఉన్నాయి. రాష్ట్రం ఉండాలా విడిపోవాలా అన్నది గింజ. అందులో ఇవి రాళ్లు.

ఓటును మాత్రం ఎప్పుడూ రాళ్లలో వేయకండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 175లో 151 సీట్లు వచ్చాయి. 2024లో 11 వచ్చాయి, కూటమికి 164. ఐదేళ్లలో మీ వీధిలోనే ఎంతోమంది ఇటు నుంచి అటు వెళ్లారు. వాళ్లు 2019లో దుర్మార్గులై 2024లో మంచివాళ్లవలేదు, లేదా దానికి తిరగేసీ కాదు. పింఛను, రోడ్డు, ఉద్యోగం, కులం, స్థానిక ఎమ్మెల్యే తీరు, ఇలా ఓటుకు వంద కారణాలు. ఓటేసినందుకు మనిషిని అమ్ముడుపోయాడు అనేవాళ్లు తర్వాత ఎన్నికల్లో ఆ మనిషి దగ్గరకే చేయి జోడించి వెళ్లాలి.

ఆపేటప్పుడు ఏమనాలి

పెద్దవాళ్లయితే గొంతు పెంచకండి. "బాబాయ్, మీరంటే నాకు గౌరవం. కానీ ఒక మనిషిని చంపడం సరైనదే అన్న మాట నా ముందు అనొద్దు. దీనిమీద నేను వాదించను." ఇంతే చాలు. వాదించను అని చెప్పడం ముఖ్యం. వాదనకు దిగితే అది కూడా తేల్చుకోవాల్సిన విషయమే అని ఒప్పుకున్నట్టు అవుతుంది.

"తండ్రి బాధ" గురించి మాట్లాడితే మాత్రం వినండి. ఆ బాధ ఎక్కడినుంచి వస్తుందో, ఊళ్లో పరువు అన్న మాట మనుషుల మెడకు ఎలా చుట్టుకుంటుందో అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నేను ఈ రెండూ ఒకటే అనుకున్నాను కాబట్టే ఆ రోజు నోరు మూసుకున్నాను. ఆ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగిలినవాళ్లకు యావజ్జీవం వేసింది. చట్టం దృష్టిలో అది ఎన్నడూ అభిప్రాయం కాదు.

ఫ్యామిలీ గ్రూపులో వస్తే అక్కడే ఒక్క లైను రాయండి, ఎందుకంటే ఊరుకుంటే అందరూ ఒప్పుకున్నారనుకుంటారు. తర్వాత ఆ మనిషికి విడిగా ఫోన్ చేయండి. గ్రూపులో రెండో లైను రాయొద్దు. పిల్లలు అక్కడుంటే ఆ రాత్రే వాళ్లతో కూర్చుని తాతయ్య అన్నది ఎందుకు తప్పో చెప్పండి. పిల్లలు మన మౌనం నుంచే ఎక్కువ నేర్చుకుంటారు.

ఆ మాట వల్ల గాయపడేవాళ్లు మీ పక్కనే ఉంటే, జవాబు వాళ్లమీద పెట్టకండి. "నువ్వేమంటావు రా?" అని నా స్నేహితుణ్ని అడగకపోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన సరైన పని. తాను మనిషినేనని రుజువు చేసుకునే పని ఎవరికీ అప్పగించకూడదు.

మాట దాటి బెదిరింపు వస్తే, ముఖ్యంగా కులాంతర పెళ్లి చేసుకున్న జంటలకు వస్తే, అది ఇంటి విషయం కాదు. 112కి ఫోన్ చేయండి. ఇలాంటి జంటలకు పోలీసు రక్షణ, సురక్షితంగా తలదాచుకునే చోటు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018లోనే ప్రభుత్వాలను ఆదేశించింది. పెద్దలతో మాట్లాడి సర్దుబాటు చేద్దామని జంటను వెనక్కి తీసుకెళ్లొద్దు.

మాటను ఆపండి, మనిషిని వదిలేయకండి

మనుషులు మారతారు. గాంధీ గారే దానికి సాక్ష్యం. ఒకప్పుడు కులాంతర భోజనాల మీద, పెళ్లిళ్ల మీద ఉన్న కట్టుబాట్లను సమర్థించారు. అంబేద్కర్ లాంటివాళ్లతో ఏళ్ల తరబడి ఘర్షణ పడ్డారు. చివరి రోజులకు వచ్చేసరికి వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి ఆశీస్సులిస్తానన్నారు. విజయవాడ నాస్తికుడు గోరా గారు తన పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి చేయాలనుకుంటే, గాంధీ గారు తన సేవాగ్రామ్ ఆశ్రమంలోనే చేద్దామన్నారు. గాంధీ గారి హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. దేవుడి విషయంలో మాత్రం ఆ ఇద్దరూ కలవలేదు. ఒకరు రామనామం జపించారు, ఇంకొకరు నాస్తిక కేంద్రం నడిపారు. అది గింజ, దాన్ని అలాగే ఉండనిచ్చి కలిసి పనిచేశారు.

మారడానికి దారి ఉంచాలంటే చిన్న పనులు మానకూడదు. మాట ఆపిన మర్నాడు ఆరోగ్యం అడగండి. పండక్కి ఫోన్ చేయండి. వాళ్లింట్లో జ్వరమొస్తే వెళ్లండి. ఆ మాట మళ్లీ వస్తే మళ్లీ అదే వాక్యం చెప్పండి. ఎన్నిసార్లైనా.

అయితే ఇది కూడా అందరూ చేయాల్సిన పని కాదు. ఆ మాట పడినవాళ్లు మీరే అయితే, దూరం జరగడం మీ హక్కు. ఓపిక పట్టే బాధ్యత, ఆ మాట తగలని నాలాంటివాళ్లది.

బాబాయ్‌కి ఆ వాక్యం నేను చెప్పింది 2022లో. ఆర్నెల్లు మాట్లాడలేదు. ఉగాదికి ఫోన్ చేస్తే పిన్నికి ఇచ్చేశాడు. రెండేళ్ల తర్వాత నా స్నేహితుడి పెళ్లయింది, కులాంతరమే, ఒంగోల్లో. బాబాయ్‌కి కార్డు ఇచ్చి, వాడు ఆ రోజు అరుగు మీద మన పక్కనే ఉన్నాడని మొదటిసారి చెప్పాను. చాలాసేపు కార్డు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లికి వచ్చాడు. అక్షింతలు వేశాడు. భోజనానికి మాత్రం ఉండకుండా, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. నిజంగా బస్సు టైమేనో, బంతిలో కూర్చోవడం ఇష్టం లేకో నాకు తెలియదు. ఆదివారాలు ఫోన్ చేస్తూనే ఉన్నాను.